కడుపు క్యాన్సర్‌లో ప్రోటీన్ మార్కర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పెథాలజిస్టుని. ఎండోస్కోపీలో తీసిన ముక్కలు మా దగ్గరికి వస్తాయి. వాటిని మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాస్తాం. రోగి ముఖం మేం చూడం. కానీ రిపోర్టులో హెర్2, పీడీ-ఎల్1, సీడీఎక్స్2 లాంటి పేర్లు చూసి కంగారుపడ్డ కొడుకో కూతురో ఎలాగోలా నంబరు సంపాదించి ఫోన్ చేస్తారు. ఊళ్లు మారతాయి, మనుషులు మారతారు, సందేహాలు మాత్రం అవే. అందుకే వాటిని వాళ్ల మాటల్లోనే రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఏ మార్కర్ పేరు విన్నా డాక్టరుగారిని మూడు సంగతులు అడగండి: ఇది రక్తంలో చూసిందా, ముక్కలో చూసిందా? జబ్బు ఏ దశలో చూశారు? దీన్నిబట్టి చికిత్సలో ఏం మారుతుంది? మూడోదానికి జవాబు లేకపోతే ఆ అంకె గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

## మొదటి సందేహాలు

అసలు ప్రోటీన్ మార్కర్ అంటే ఏమిటి?

కణం చేసే ప్రతి పనికీ ప్రోటీన్లే పనిముట్లు. కడుపు లోపలి పొరలోని కణం జిగురు తయారుచేయాలన్నా, పక్క కణాన్ని పట్టుకుని నిలబడాలన్నా, రెండుగా చీలాలన్నా ఒక్కో పనికి ఒక్కో ప్రోటీన్ కావాలి. కణం దారి తప్పుతున్నకొద్దీ కొన్ని ప్రోటీన్లు మాయమవుతాయి, కొన్ని ఉండకూడని చోట కనిపిస్తాయి, కొన్ని మితిమీరి తయారవుతాయి. ఆ మార్పును పరీక్షలో పట్టుకోగలిగితే దాన్ని మార్కర్ అంటాం. సీఈఏ, పెప్సినోజెన్ లాంటివి రక్తంలో కొలుస్తారు, జవాబు అంకెగా వస్తుంది. హెర్2, ఎంఎల్‌హెచ్1 లాంటివి ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి చూస్తారు. దాన్నే ఐహెచ్‌సీ అంటారు. ఈ రెండు రకాలనూ కలగలిపి చదవడం వల్లే ఇళ్లలో సగం గందరగోళం పుడుతుంది.

మార్కర్ పెరుగుతుందని నాన్నకు గుడ్లు, పప్పు మానిపించాం. సరైన పనేనా?

దయచేసి ఇవాళే మళ్లీ పెట్టండి. మనం తినే ప్రోటీన్ కడుపులో, పేగుల్లో ముక్కలైపోయి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి చేరుతుంది. మార్కర్ ప్రోటీన్లను మన కణాలే తయారుచేసుకుంటాయి. గుడ్డు తింటే సీఈఏ పెరగదు, మానేస్తే తగ్గదు. కడుపు క్యాన్సర్ రోగుల్లో బరువు తగ్గడం, కండ కరిగిపోవడం పెద్ద సమస్య. ఆపరేషన్‌నీ కీమోనీ తట్టుకోవాలంటే ఆ ప్రోటీనే ఆధారం. పేరులో ఉన్న ఒక్క మాట చూసి పథ్యం పెట్టడం నేను చాలా ఇళ్లలో విన్నాను, విన్న ప్రతిసారీ బాధేస్తుంది.

సీఈఏ నార్మల్ వచ్చింది. అంటే క్యాన్సర్ లేనట్టేనా?

కాదు. సీఈఏను 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపెట్టారు. కడుపు క్యాన్సర్ ఉన్నవాళ్లందరిలో కలిపి చూస్తే సీఈఏ, సీఏ 19-9, సీఏ 72-4 అనే రక్త మార్కర్లు ఒక్కొక్కటి 20 నుంచి 30 శాతం మందిలోనే పెరుగుతాయి. తొలిదశలో అయితే ఇంకా తక్కువ. అంటే జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. అన్నం సహించకపోవడం, కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, మింగడం కష్టమవడం — వీటిలో ఏదున్నా నార్మల్ అంకె చూసి ఆగిపోవద్దు. ఎండోస్కోపీ చేయించాలి.

మరి హెల్త్ ప్యాకేజీల్లో ట్యూమర్ మార్కర్లు ఎందుకు పెడతారు?

ఏ లక్షణాలూ లేని మనిషికి కడుపు క్యాన్సర్ కోసం సీఈఏ, సీఏ 19-9 చేయించమని చెప్పే ప్రామాణిక మార్గదర్శకాలు లేవు. జబ్బు ఉన్నవాణ్ని వదిలేస్తాయి, లేనివాణ్ని భయపెడతాయి. ఆ డబ్బు దాచి, అవసరం వచ్చినప్పుడు ఎండోస్కోపీకి వాడండి. ఇది నా గట్టి అభిప్రాయం.

## క్యాన్సర్ రాకముందు

కడుపు క్యాన్సర్ ఒక్కసారిగా వస్తుందా, మెల్లగా వస్తుందా?

ఎక్కువగా కనిపించే రకం (దీన్ని పేగు రకం అంటారు) ఏళ్ల తరబడి మెట్టుమెట్టుగా వస్తుంది. కొలంబియాకు చెందిన పెథాలజిస్టు పెలాయో కొర్రేయా 1970ల్లో ఈ దారిని వివరించారు. ముందు దీర్ఘకాలపు వాపు. తర్వాత ఆమ్లం, తిండిలోని ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్ తయారుచేసే గ్రంథులు కరిగిపోయి పొర పలచబడడం, దీన్ని అట్రోఫీ అంటారు. ఆ తర్వాత కడుపు పొర పేగు పొరలా మారడం, అది ఇంటెస్టైనల్ మెటాప్లేసియా. తర్వాత కణాల ఆకారం చెడిపోయే డిస్‌ప్లేసియా. చివరికి క్యాన్సర్.

ఒక్కో మెట్టుకూ ఒక్కో ప్రోటీన్ గుర్తు ఉంది. అట్రోఫీలో రక్తంలోని పెప్సినోజెన్ 1 (పెప్సిన్‌కు ముందు రూపం) పడిపోతుంది. మెటాప్లేసియాలో సీడీఎక్స్2, ఎంయూసీ2 అనే పేగు ప్రోటీన్లు కడుపులో కనిపిస్తాయి, కడుపు సొంత జిగురు ప్రోటీన్ ఎంయూసీ5ఏసీ తగ్గుతుంది. డిస్‌ప్లేసియాలో పీ53 తేడాగా కనిపించవచ్చు. పొరను కాపాడే టీఎఫ్ఎఫ్1 అనే చిన్న ప్రోటీన్ కూడా చాలా కడుపు క్యాన్సర్లలో మాయమవుతుంది. ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల కడుపులో గడ్డలు వచ్చాయని 1996లోనే తేలింది.

కణాలు విడివిడిగా చెదిరి పాకే డిఫ్యూజ్ రకం మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కకుండానే రావచ్చు. వయసులో చిన్నవాళ్లలో కనిపించేది ఎక్కువగా అదే.

హెచ్.పైలోరీ పాజిటివ్ అన్నారు. దాని ప్రోటీన్ వల్లే క్యాన్సర్ వస్తుందట, నిజమా?

ఇందులో నిజం ఉంది, కానీ పూర్తి కథ వేరు. కడుపులో ఉండే ఈ బ్యాక్టీరియాను బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1982లో పెంచి చూపించారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో (ఖాయంగా కారకమని తేలినవాటిలో) చేర్చింది.

ఈ బ్యాక్టీరియాలో కొన్ని జాతులు క్యాగ్‌ఏ అనే ప్రోటీన్‌ను సూదితో గుచ్చినట్టు నేరుగా మన కణంలోకి పంపిస్తాయి. లోపలికి వెళ్లిన క్యాగ్‌ఏకు మన కణంలోని ఎంజైములే ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అప్పుడది ఎస్‌హెచ్‌పీ2 అనే మన ప్రోటీన్‌ను పట్టుకుని, పెరగమనే సంకేతాన్ని ఆగకుండా మోగిస్తుంది. 2002లో జపాన్‌కు చెందిన హతకెయామా బృందం దీన్ని చూపించింది. జపాన్, కొరియా ప్రాంతపు క్యాగ్‌ఏ ఎస్‌హెచ్‌పీ2ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ జబ్బు ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణమని భావిస్తారు.

మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియా ఉన్నా కడుపు క్యాన్సర్ అంత ఎక్కువగా లేదు. బ్యాక్టీరియా సోకినవాళ్లలో జీవితకాలంలో క్యాన్సర్ వచ్చేది నూటికి 1 నుంచి 3 మందికే. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. జపాన్‌లో 1,526 మందిని సగటున దాదాపు 8 ఏళ్లు గమనించిన అధ్యయనం 2001లో వెలువడింది. అందులో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది, ఆ 36 మందీ బ్యాక్టీరియా ఉన్నవాళ్లే. బ్యాక్టీరియా లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. కాబట్టి డాక్టరుగారు రాసిన యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడండి. మంట తగ్గిందని మధ్యలో ఆపవద్దు. కోర్సు అయ్యాక పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించండి, చాలామంది వదిలేసేది ఇదే.

రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాను. పరీక్షలకు ఏమైనా తేడా వస్తుందా?

వస్తుంది. పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ లాంటి మాత్రలు వాడుతుంటే హెచ్.పైలోరీ ఉన్నా ఊదుడు పరీక్షలో, మలపరీక్షలో లేదని రావచ్చు. పరీక్షకు 2 వారాల ముందు ఈ మాత్ర, 4 వారాల ముందు యాంటీబయాటిక్ ఆపాలని చెబుతారు. ఇదే మాత్ర రక్తంలో పెప్సినోజెన్‌ను, గ్యాస్ట్రిన్, క్రోమోగ్రానిన్ ఏ అనే ఇతర మార్కర్లను పెంచుతుంది. ఆపేముందు మాత్రం మీ డాక్టరుగారిని అడగండి, ముఖ్యంగా గుండెకు రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే.

పెప్సినోజెన్ పరీక్ష మంచిదంటున్నారు. చేయించుకోవాలా?

రక్తంలో దొరికే మార్కర్లలో క్యాన్సర్ రాకముందు దశ గురించి ఏదో చెప్పగలిగేది ఇదే. పెప్సినోజెన్ 1 కడుపు పైభాగం, మధ్యభాగం గ్రంథుల్లోనే తయారవుతుంది. పెప్సినోజెన్ 2 కడుపంతటా, చిన్నపేగు మొదట్లో కూడా తయారవుతుంది. పొర పలచబడితే మొదటిది పడిపోతుంది, రెండోది నిలబడుతుంది, రెండింటి నిష్పత్తి తగ్గుతుంది. జపాన్‌లో మొదటిది మిల్లీలీటరుకు 70 నానోగ్రాములకు, నిష్పత్తి 3కు మించకపోతే అట్రోఫీ ఉందని అనుమానిస్తారు. దానికి హెచ్.పైలోరీ యాంటీబాడీ పరీక్ష జోడించి ఎవరికి ఎండోస్కోపీ ముందుగా చేయాలో వర్గాలుగా విడగొడతారు.

ఈ పరీక్ష చెప్పేది పొర పలచబడిందా లేదా అన్నదే, క్యాన్సర్ ఉందా లేదా అన్నది కాదు. డిఫ్యూజ్ రకం క్యాన్సర్ ఉన్నా పెప్సినోజెన్ మామూలుగా ఉండవచ్చు. ఇంట్లో తల్లికో తండ్రికో కడుపు క్యాన్సర్ వచ్చి, మీకు 40 దాటి ఉంటే ఈ పరీక్ష కన్నా నేరుగా ఎండోస్కోపీ గురించే మాట్లాడండి.

రిపోర్టులో "ఇంటెస్టైనల్ మెటాప్లేసియా, సీడీఎక్స్2 పాజిటివ్" అని ఉంది. క్యాన్సర్ మొదలైనట్టేనా?

లేదు. సీడీఎక్స్2 పేగు కణాలకు "నువ్వు పేగు కణానివి" అని చెప్పే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్న కడుపులో అది కనిపించదు. ఏళ్ల తరబడి వాపుతో నలిగిన కడుపు పొర పేగు వేషం వేసుకున్నప్పుడు కనిపిస్తుంది. అది వేషం మార్పు, క్యాన్సర్ కాదు.

నెదర్లాండ్స్‌లో 92 వేలకు పైగా రోగుల రికార్డులు చూసి 2008లో ఒక లెక్క ఇచ్చారు. రోగనిర్ధారణ తర్వాతి 5 ఏళ్లలో ఏడాదికి క్యాన్సర్ తేలింది అట్రోఫీ ఉన్నవాళ్లలో 0.1 శాతం మందిలో, మెటాప్లేసియాలో 0.25 శాతం, తక్కువ లేదా మధ్యస్థ డిస్‌ప్లేసియాలో 0.6 శాతం, తీవ్రమైన డిస్‌ప్లేసియాలో 6 శాతం. తేడా చూడండి. మెటాప్లేసియా అంటే హెచ్.పైలోరీ ఉంటే తీసేయాలి, పొగ మానాలి, పొరలో ఎంత మేర వ్యాపించిందో చూసి కొందరికి మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయాలి. తీవ్రమైన డిస్‌ప్లేసియా అంటే ఆలస్యం చేయకుండా ఆ భాగం తీయించాలి.

డిస్‌ప్లేసియా అనుమానం అని రాసి పీ53, కీ-67 చేయమన్నారు. ఎందుకు?

అల్సర్ పక్కన మానుతున్న పొర కూడా మైక్రోస్కోపు కింద చెడిపోయినట్టే కనిపిస్తుంది. మాకు చాలా ఇబ్బంది పెట్టేది ఇదే. కీ-67 ఎంత శాతం కణాలు చీలుతున్నాయో, ఎక్కడ చీలుతున్నాయో చూపిస్తుంది. మామూలు పొరలో ఆ పని గ్రంథి మెడ దగ్గరే జరుగుతుంది, పైదాకా పాకితే అనుమానించాలి. పీ53 కణానికి కాపలాదారు. అది మామూలుగా ఉంటే రంగు అక్కడక్కడా లేతగా కనిపిస్తుంది. అన్ని కణాల్లో ముదురుగా పట్టేసినా, అసలు పట్టకపోయినా జన్యువు చెడిందని సూచన. "నెగటివ్ వచ్చింది, మంచిదే" అని ఇక్కడ అనుకోవద్దు, పూర్తిగా లేకపోవడం కూడా చెడు గుర్తే. ఈ రెండూ సాయం చేస్తాయి కానీ తీర్పు చెప్పవు. అనుమానం తీరకపోతే వాపు తగ్గించే మందులు వాడి, కొద్ది వారాల తర్వాత మళ్లీ ముక్క తీయడమే మేలు.

ఆవకాయ, ఎండుచేపలు మానేయాలా?

ఉప్పులో ఊరబెట్టిన ఆహారానికీ కడుపు క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పే ఆధారాలు ప్రధానంగా జపాన్, కొరియా, చైనాల నుంచి వచ్చాయి. ఉప్పు పొరను గాయపరుస్తుంది, హెచ్.పైలోరీ చేసే నష్టాన్ని పెంచుతుంది. మన దేశంలో ఈ జబ్బు అత్యధికంగా ఉన్నది మిజోరాంలో. అక్కడ పొగబెట్టిన మాంసం, ఉప్పు చేపలు, పొగాకు పొగను నీళ్లలో పట్టి తయారుచేసే తుయ్‌బుర్‌లను కారణాలుగా చూస్తున్నారు. అన్నంలో మొదటి ముద్దకు కొంచెం ఆవకాయ ఒక లెక్క, మూడుపూటలా కూరకు బదులు పచ్చడే తినడం ఇంకో లెక్క. రెండోది తగ్గించండి. పొగాకు పూర్తిగా మానండి.

## ముక్క పరీక్ష, రిపోర్టు

క్యాన్సర్ అని రిపోర్టు వచ్చేసింది కదా, ఐహెచ్‌సీకి మళ్లీ డబ్బు ఎందుకు కట్టాలి?

మొదటి రిపోర్టు "ఇది క్యాన్సర్" అని చెబుతుంది. ఐహెచ్‌సీ "ఏ మందుకు లొంగే క్యాన్సర్" అని చెబుతుంది. జబ్బు వ్యాపించి ఆపరేషన్ కుదరని పరిస్థితిలో హెర్2, ఎంఎంఆర్ ప్రోటీన్లు (డీఎన్‌ఏ అచ్చుతప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 లాంటివి), పీడీ-ఎల్1, అందుబాటులో ఉన్నచోట క్లాడిన్ 18.2 చూస్తారు. వాటిని బట్టే మందు మారుతుంది. ఆపరేషన్‌కు వీలైన దశలో కూడా ఎంఎంఆర్ తెలిస్తే ప్రణాళిక మారవచ్చు. ఖర్చు భారమైతే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి పథకంలో ఏది వస్తుందో అడగండి. అన్నీ ఒకేసారి చేయించలేకపోతే ముందు ఏది చేయిస్తే ఉపయోగమో ఆంకాలజిస్టు చెబుతారు.

"సిగ్నెట్ రింగ్ కణాలు, ఈ-క్యాడ్‌హెరిన్ లేదు" అని ఉంది. ఏమిటిది?

ఈ-క్యాడ్‌హెరిన్ కణాల మధ్య సిమెంటు లాంటిది. అది ఉన్నంతవరకూ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గ్రంథుల ఆకారంలో నిలబడతాయి. పోతే విడిపోయి ఒక్కొక్కటిగా గోడలోకి పాకుతాయి. లోపల జిగురు నిండి కేంద్రకం పక్కకు నెట్టుకుపోతే కణం రాయి పొదిగిన ఉంగరంలా కనిపిస్తుంది, ఆ పేరు అలా వచ్చింది. ఇలాంటి జబ్బు గడ్డ కట్టకుండా గోడంతా పాకుతుంది కాబట్టి స్కాన్‌లో, ఎండోస్కోపీలో కూడా తప్పించుకోగలదు. లోతుగా మళ్లీ ముక్క తీయాలంటే డాక్టర్ల మీద విసుక్కోకండి.

స్లైడ్ మీద ఈ ప్రోటీన్ లేనంత మాత్రాన జబ్బు వంశపారంపర్యం అని కాదు. వారసత్వం లేని డిఫ్యూజ్ రకంలోనూ ఇది తరచుగా పోతుంది.

"సీ-కిట్, డాగ్1 పాజిటివ్" అంటే కడుపు క్యాన్సరేనా?

కడుపులోనే పుట్టినా అది వేరే జబ్బు, జిస్ట్ అంటారు. పొరలో కాకుండా గోడలోని కణాల నుంచి వస్తుంది. మామూలు కీమో దానికి పనిచేయదు. ఇమాటినిబ్ మాత్ర బాగా పనిచేస్తుంది. అలాగే సీడీ20 పాజిటివ్ లింఫోమా (రక్షణ కణాల క్యాన్సర్), క్రోమోగ్రానిన్ పాజిటివ్ న్యూరోఎండోక్రైన్ (హార్మోన్లు తయారుచేసే కణాల) గడ్డలు కూడా కడుపులో వస్తాయి, వాటి దారి వాటిదే. మాల్ట్ అనే రకం లింఫోమా తొలిదశలో హెచ్.పైలోరీ మందులతోనే చాలామందిలో కరిగిపోతుంది. అందుకే "కడుపులో గడ్డ" అన్న ఒక్క మాట మీద ఎవరి అనుభవాన్నీ ఎవరికీ అన్వయించవద్దు.

అమ్మకు రెండు అండాశయాల్లో గడ్డలు. అవి కడుపు నుంచి వచ్చాయంటున్నారు, ఎలా చెప్పగలరు?

కడుపు క్యాన్సర్ అండాశయాలకు పాకడం కొత్తేమీ కాదు, దాన్ని క్రుకెన్‌బర్గ్ గడ్డ అంటారు. తరచుగా రెండువైపులా వస్తుంది. కణం ఎక్కడికి వెళ్లినా పుట్టింటి ప్రోటీన్లు కొన్ని వెంట తీసుకెళ్తుంది. అండాశయంలో పుట్టిన సాధారణ క్యాన్సర్‌లో పాక్స్8 కనిపిస్తుంది. కడుపు నుంచి వచ్చినదానిలో అది ఉండదు, సీకే7తో పాటు తరచుగా సీడీఎక్స్2 కనిపిస్తుంది. వీటిని సిగ్నెట్ రింగ్ ఆకారంతో కలిపి చదివి, ఎండోస్కోపీతో ఖాయం చేసుకుంటారు.

రెండు ల్యాబుల్లో హెర్2 రెండు రకాలుగా వచ్చింది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. కడుపు క్యాన్సర్‌లో హెర్2 గడ్డంతా ఒకేలా ఉండదు, ఒక మూల ఎర్రగా పండిన చేనులా, పక్కనే ఏమీ లేకుండా ఉంటుంది. ఒక ముక్కలో దొరికింది ఇంకో ముక్కలో దొరక్కపోవచ్చు. అందుకే కనీసం 6 నుంచి 8 ముక్కలు తీయాలని చెబుతారు. ముక్కను 10 శాతం ఫార్మాలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉంచాలి. సెలైన్‌లో వేసి పంపినా, వారం పాటు ఫార్మాలిన్‌లో వదిలేసినా ప్రోటీన్ పాడై ఉన్నది కూడా లేనట్టు వస్తుంది. మీరు చేయగలిగింది ఒకటే: డబ్బా తీసుకెళ్లే పని మీకు అప్పగిస్తే అదే రోజు ల్యాబులో ఇవ్వండి.

## మందు ఎంచుకునేటప్పుడు

హెర్2 పాజిటివ్ వచ్చింది. ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా?

పాజిటివ్ అన్న మాట వినగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి దానర్థం అదనంగా ఒక మందుకు దారి తెరుచుకుందని. హెర్2 కణం ఉపరితలం మీద ఉండి పెరగమనే సంకేతాన్ని లోపలికి పంపే ప్రోటీన్. ఐదారుగురిలో ఒకరి గడ్డలో ఇది మితిమీరి ఉంటుంది. పేగు రకంలో, కడుపూ అన్నవాహికా కలిసే చోట వచ్చే గడ్డల్లో ఎక్కువ, డిఫ్యూజ్ రకంలో తక్కువ.

ట్రాస్టుజుమాబ్ ఆ ప్రోటీన్‌ను పట్టుకుని అడ్డుకుంటుంది. 24 దేశాల్లో 594 మంది మీద జరిగిన టోగా అధ్యయనం 2010లో వెలువడింది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం 11.1 నెలలు, ట్రాస్టుజుమాబ్ కలిపినవాళ్లది 13.8 నెలలు. ప్రోటీన్ బలంగా ఉన్నవాళ్లను మాత్రమే లెక్కిస్తే అది 16 నెలలు. నెలల తేడాయే కదా అని కొందరు నిరుత్సాహపడతారు. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని అర్థం. ఆ తర్వాత వచ్చిన ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, కీమోను ఆ ప్రోటీన్ ఉన్న కణానికే మోసుకెళ్లే మందు. మొదటి చికిత్స పనిచేయడం ఆగిపోయినవాళ్లకు వాడతారు.

ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో గుండెకు ఎకో తీస్తారు, మానవద్దు. మన దేశంలో తయారైన బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానమైనవి) వచ్చాక ఖర్చు మునుపటి కన్నా తగ్గింది. బయోసిమిలర్‌గా ఏది ఉందో అడగడానికి మొహమాటపడకండి.

హెర్2 "2+" అని రాశారు. పాజిటివా, నెగటివా?

మధ్యలో ఉంది. 0, 1+ నెగటివ్, 3+ పాజిటివ్. 2+ వస్తే ఫిష్ పరీక్షతో హెర్2 జన్యువు కాపీలు పెరిగాయో లేదో లెక్కపెడతారు. హెర్2 సంకేతాలకూ 17వ క్రోమోజోమ్ సంకేతాలకూ నిష్పత్తి 2 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పాజిటివ్. ఫిష్ చేయించకుండా 2+ దగ్గరే ఆగిపోయిన రిపోర్టు అసంపూర్ణం.

పీడీ-ఎల్1 సీపీఎస్ 8 అని ఉంది. 8 శాతమా?

శాతం కాదు, స్కోరు. పీడీ-ఎల్1 కనిపించిన క్యాన్సర్ కణాలను, చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలను కలిపి లెక్కపెట్టి, మొత్తం బతికి ఉన్న క్యాన్సర్ కణాలతో భాగించి, 100తో గుణిస్తారు. పీడీ-ఎల్1 క్యాన్సర్ కణం చూపించే దొంగ గుర్తింపు కార్డు. మన రక్షణ కణాలు దాన్ని చూసి వదిలేస్తాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యూనోథెరపీ మందులు ఆ మోసం చెల్లకుండా చేస్తాయి. చెక్‌మేట్ 649 అధ్యయనంలో సీపీఎస్ 5, ఆపైన ఉన్నవాళ్లలో కీమోకు నివోలుమాబ్ కలిపితే మధ్యస్థ జీవితకాలం 11.1 నుంచి 14.4 నెలలకు పెరిగింది. స్కోరు 1 కన్నా తక్కువైతే ప్రయోజనం చాలా తక్కువ. మందు ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఈ అంకె చూడకుండా భూమి అమ్మే నిర్ణయం తీసుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

"ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లేవు" అని రాశారు. లేకపోవడం మంచిదా?

ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రోటీన్లు డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పడే అచ్చుతప్పులు దిద్దుతాయి. అవి పోతే తప్పులు పేరుకుపోయి, ఆ కణం రక్షణ వ్యవస్థకు పరాయిదిగా కనిపిస్తుంది. అందుకే ఇలాంటి జబ్బు ఇమ్యూనోథెరపీకి బాగా స్పందిస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది. కాబట్టి చికిత్స కోణంలో ఇది ఆశ కలిగించే ఫలితం. కడుపు క్యాన్సర్‌లో ఈ లోపం ఎక్కువగా ఎంఎల్‌హెచ్1 జన్యువు మూతపడడం వల్ల పెద్ద వయసులో వస్తుంది, పిల్లలకు పాకదు. కొద్దిమందిలో లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ లోపం కారణం కావచ్చు. ఎంఎస్‌హెచ్2 లేదా ఎంఎస్‌హెచ్6 పోయినా, ఇంట్లో పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు ఉన్నా జన్యు సలహా తీసుకోండి.

క్లాడిన్ 18.2 అనే కొత్త పరీక్ష గురించి విన్నాం. మాకూ చేయించాలా?

క్లాడిన్ 18.2 మామూలు కడుపు కణాల మధ్య సందులను బిగించి ఉంచే ప్రోటీన్, లోపల దాగి ఉంటుంది. క్యాన్సర్‌లో కణాల అమరిక చెదిరి అది బయటపడుతుంది, అప్పుడు మందుకు దొరుకుతుంది. 75 శాతం లేదా అంతకన్నా ఎక్కువ క్యాన్సర్ కణాల్లో మధ్యస్థంగానో బలంగానో కనిపిస్తేనే పాజిటివ్ అంటారు. జొల్బెటుక్సిమాబ్ అనే మందును జపాన్ 2024 మార్చిలో, అమెరికా అదే ఏడాది అక్టోబరులో అనుమతించాయి. 2023లో వెలువడ్డ స్పాట్‌లైట్ అధ్యయనంలో కీమోకు ఈ మందు కలిపితే మధ్యస్థ జీవితకాలం 15.5 నుంచి 18.2 నెలలకు పెరిగింది. మామూలు కడుపు పొరలోనూ ఈ ప్రోటీన్ ఉంటుంది కాబట్టి వాంతులు బాగా అవుతాయి. మందు దొరికే దారి, ఖర్చు తేల్చుకున్నాకే పరీక్ష గురించి ఆలోచించండి.

అన్నీ నెగటివ్ వచ్చాయి. ఇక దారి లేదా?

ఉంది. కీమో ఈ మార్కర్ల మీద ఆధారపడదు. రాముసిరుమాబ్ లాంటి మందుకు కూడా ముందు ఏ మార్కరూ అక్కర్లేదు.

## చికిత్స తర్వాత

ఆపరేషన్ అయ్యాక సీఈఏ ఎప్పుడు చూడాలి? ఎంత తగ్గాలి?

ఆపరేషన్‌కు ముందు సీఈఏ పెరిగి ఉన్నవాళ్లకే తర్వాత అది చూడడం వల్ల ఎక్కువ ఉపయోగం. గడ్డ పూర్తిగా తీసేస్తే సుమారు 4 నుంచి 6 వారాల్లో మామూలు స్థాయికి రావాలి. తర్వాత డాక్టరుగారు చెప్పిన వ్యవధిలో, ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే పరీక్ష విధానం మారి అంకె మారుతుంది. పొగతాగేవాళ్లలో కొంచెం ఎక్కువగా ఉండడం మామూలే. ఒక్కసారి పెరిగిందని బెంబేలెత్తవద్దు. మళ్లీ చేయించి, వరసగా ఎక్కుతుంటే స్కాన్ తీస్తారు.

సీఏ 19-9 ఒక్కసారిగా పెరిగింది. జబ్బు తిరగబెట్టినట్టేనా?

కావచ్చు, కాకపోవచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా, క్లోమం వాచినా ఇది బాగా పెరుగుతుంది. ముందు బిలిరుబిన్ చూడాలి. కామెర్లు తగ్గాక మళ్లీ కొలవాలి. ఇంకో విచిత్రం ఉంది. కొంతమంది రక్తంలో లూయిస్ అనే గుర్తు పుట్టుకతోనే ఉండదు, నూటికి 5 నుంచి 10 మంది దాకా అలాంటివాళ్లు. వాళ్ల శరీరం సీఏ 19-9 తయారుచేయలేదు. జబ్బు ఎంత ముదిరినా అంకె సున్నా దగ్గరే ఉంటుంది. మొదటినుంచీ చాలా తక్కువగా వస్తున్నవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు.

పొట్టలో నీరు చేరింది, సీఏ 125 పెరిగింది. క్యాన్సర్ పాకిందా?

కడుపు క్యాన్సర్ పొట్టలోని పెరిటోనియం పొరకు పాకితే ఈ రక్త మార్కర్ పెరుగుతుంది. మన దేశంలో ఇంకో అనుమానం తప్పకుండా ఉండాలి: పొట్టలో క్షయ. టీబీలోనూ నీరు చేరుతుంది, సీఏ 125 వందల్లోకి వెళ్తుంది. నీరు తీసి కణాల పరీక్ష, అవసరమైతే పెరిటోనియం ముక్క పరీక్ష చేయకుండా అంకెను బట్టి ఏదీ ఖాయం చేయకూడదు.

## కుటుంబం

నాన్నకు వచ్చింది, నాకూ పిల్లలకూ వస్తుందా?

ఎక్కువమందిలో ఇది వంశపారంపర్యం కాదు. ఒకే ఇంట్లో ఉండడం వల్ల హెచ్.పైలోరీ, తిండి అలవాట్లు పంచుకుంటాం. అందుకే దగ్గరి బంధువులు హెచ్.పైలోరీ పరీక్ష చేయించుకుని, ఉంటే మందు వాడడం మంచిది.

కొద్ది కుటుంబాల్లో మాత్రం ఈ-క్యాడ్‌హెరిన్ తయారుచేసే సీడీహెచ్1 జన్యువే చెడి ఉంటుంది. 1998లో న్యూజిలాండ్‌లోని మావోరీ (అక్కడి మూలవాసుల) కుటుంబంలో ఇది బయటపడింది. చిన్న వయసులోనే తరాల తరబడి కడుపు క్యాన్సర్‌తో చనిపోతున్న ఆ ఇంటివాళ్లే పరిశోధకులను వెతుక్కుంటూ వెళ్లి కారణం కనుక్కోమన్నారు. ఆ లోపం ఉన్నవాళ్లకు జీవితకాలంలో డిఫ్యూజ్ కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశాన్ని మొదట్లో 70, 80 శాతం దాకా అంచనా వేశారు. 2019లో ఒక అధ్యయనం దాన్ని పురుషుల్లో 42, స్త్రీలలో 33 శాతానికి తగ్గించింది. స్త్రీలకు రొమ్ములో లోబ్యులర్ రకం క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. 50 లోపే డిఫ్యూజ్ రకం వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా జన్యు పరీక్ష గురించి అడగండి. ఇది ముక్కలో చేసే ఐహెచ్‌సీ కాదు, రక్తంతో చేసే పరీక్ష. లోపం తేలితే ముందుజాగ్రత్తగా కడుపు తీయించుకోవడం, లేదా నిపుణుల దగ్గర ఏటా ఎండోస్కోపీ చేయించుకుని ప్రతిసారీ 30 దాకా ముక్కలు తీయించుకోవడం, ఈ రెండు దారులున్నాయి.

ఆస్పత్రి మారుతున్నాం. ఏమేం తీసుకెళ్లాలి?

రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. మొదటి ల్యాబు నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. అది మీ హక్కు. ఆ బ్లాకు ఉంటే కొత్త మార్కర్ ఏది చూడాలన్నా మళ్లీ ముక్క తీయకుండా చూడగలం. ఏళ్లయినా పనికొస్తుంది. ఎండకు కరుగుతుంది కాబట్టి కారులో, బండి డిక్కీలో వదిలేయవద్దు. బ్లాకు మీద ఉన్న నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గరే సరిచూసుకుని, ఫోటో తీసి పెట్టుకోండి.